రాణి నోట్లో మన్ను

నాకు ఒక చోట నిలబడడం చేతకాదు. చిన్నప్పుడు అమ్మ కొలతలు తీసుకుంటుంటే కూడా కదిలేదాన్ని, అందుకే నా లంగాల అంచులన్నీ ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి ఉండేవి. డబ్బింగ్‌లో గొంతు ఇచ్చే పనిలోకి వచ్చాక ఈ గుణం అందరికీ తెలిసిపోయింది. పంజాగుట్ట వెనక సందులో ఉన్న ఆ స్టూడియోలో నేను వస్తున్నానంటే చాలు, మైకు కింద పాత దుప్పటి నాలుగు మడతలు వేసి పరిచేవారు, నా అడుగుల చప్పుడు రికార్డు కాకుండా.

ఆ రోజు ఆ దుప్పటి కూడా నన్ను ఆపలేకపోయింది.

సినిమా పరాయి దేశానిది. ఐదుగురు అన్వేషకులు నిధి కోసం ఒక కొండ లోపలికి తవ్వుకుంటూ పోతారు. లోపల రాతి మంచం మీద వేల ఏళ్ల కిందటి రాణి పడుకుని ఉంటుంది. ఆమె నోరంటే భయపడిన ఎవరో రాజు, చచ్చాక కూడా మాట్లాడకూడదని, ఆమె నోటి నిండా బంకమన్ను కూరి దాని మీద ముద్ర వేయించి ఉంటాడు. మన్ను వెనక మణి ఉంటుందని ఈ తెలివిగలవాళ్లు దాన్ని ఉలితో పెకిలిస్తారు. మణి ఉండదు. రాణి కళ్లు తెరుస్తుంది, శాపం పెడుతుంది, అక్కడి నుంచి ఒక్కొక్కరి పని పట్టడమే మిగతా సినిమా. ఆ రాణి గొంతు నాది. పదిహేనేళ్లుగా గుంపులో అరుపులు, ఆసుపత్రి నర్సులు, పక్కింటి పిన్నులు చెప్పుకుంటూ వచ్చినదాన్ని. నా గరగర గొంతుకు మొదటిసారి ఒక ముఖం దొరికింది.

రాణికి ఉన్నది కొద్ది మాటలే. అందులో అసలైనది శాపం. తెర నిండా ఆమె ముఖం, చివర్లో పెదాలు రెండుసార్లు గట్టిగా కలుస్తాయి, ఆ తర్వాత నోరు తెరుచుకుని చాలాసేపు అలాగే ఉంటుంది. తెలుగు మాట కూడా సరిగ్గా అక్కడే పెదాలు కలపాలి, అక్కడే నోరు తెరవాలి. మా పనంతా ఇంతే, ఎవరి నోటికో మన మాట తొడగడం.

కాగితం మీద రాసింది ఇది: "మీ వంశము నిర్వంశమగు గాక!"

మొదటి టేకు అవగానే అద్దం అవతల నుంచి డబ్బింగ్ డైరెక్టర్ గొంతు హెడ్‌ఫోన్‌లో వినిపించింది. ఆయనది రాజమండ్రి వైపు. "ఏంటండీ మేడమ్, శాపం పెడుతున్నారా, శ్లోకం చదువుతున్నారా?"

"మీరు రాసిందే చదువుతున్నానండీ."

"అక్కా, పెదాలు సుత కలుస్తలేవు," అన్నాడు సౌండ్ ఇంజనీరు. "గాక దగ్గర రాణి నోరు మూస్తుంది, నువ్వు తెరుస్తున్నవ్."

మార్చారు. 'సర్వనాశనం తప్పదు' అన్నారు, పెదాలు ఒక్కసారే కలిశాయి. 'మిమ్మల్ని భస్మం చేస్తాను' అన్నారు, అది పౌరాణిక నాటకంలా ఉందని ఆయనే కొట్టేశారు. పదకొండు గంటలకు మొదలుపెడితే ఒంటిగంట దాటింది. "మేడమ్, మీరు ఇక్కడివారే కదా. ఇంట్లో వాడే తిట్టు ఏదైనా వస్తే చెప్పండి, ఒరిజినల్‌ది," అన్నారు ఆయన.

రాలేదని చెప్పాను. అబద్ధం. రెండో టేకు నాటికే నాకు తెలుసు ఆ పెదాలకు ఏ మాట సరిపోతుందో. తెర మీద ఆమె పెదాలు కలిసిన ప్రతిసారీ ఆ మాట నా గొంతు దాకా వచ్చి నిలబడుతోంది. నీ నోరు పడిపోను. 'ప' దగ్గర ఒకసారి, 'పో' దగ్గర ఇంకోసారి, తర్వాత నోరు తెరిచి ఎంతసేపైనా సాగదీయొచ్చు. దర్జీ కొలిచి కుట్టినట్టు సరిపోయే మాట. చచ్చినా దాన్ని బయటికి రానివ్వను అనుకున్నాను, ఎందుకంటే ఒకసారి బయటికి వచ్చింది.

మాది నేత ఊరు. మగ్గాలు మూలపడ్డాక అమ్మ కుట్టుమిషనుతో నన్ను వెంటబెట్టుకుని మధురానగర్‌కు వచ్చింది. కింద షాపు, పైన ఒక గది. చుట్టూ హాస్టళ్లు, హాస్టళ్ల నిండా ఆడపిల్లలు, వాళ్ల జాకెట్లు, వాళ్ల ఇంటర్వ్యూ బట్టలు. అమ్మ కత్తెర కంటే నోరు ముందు నడిచేది. కత్తెర కనబడకపోతే "దీని ఇల్లు పాడుగాను". కరెంటు పోతే అదే. చంకల దగ్గర బిగువైందని పిల్ల వాపసు తెస్తే, ఆ పిల్ల మెట్లు దిగాక, "దీని కాళ్లిరగ, నెలకో సైజు పెరుగుతుంటే నేనేం జేద్దు". అందులో కోపం పావలా వంతు కూడా ఉండదు. ఆ పిల్లకే మధ్యాహ్నం పప్పన్నం కూడా పెట్టేది. నాకైతే ప్రత్యేకంగా ఒకటి ఉండేది. పనికిరాని మాట ఏదంటే దానికి, భయపడి ఏడిస్తే దానికి, ముద్దొచ్చినా దానికే: "నీ నోట్లె మన్నువడ." నేను మొదటిసారి సినిమాలో గుంపులో కేక వేసినప్పుడు టీవీ ముందు కూర్చుని విని, "నీ నోట్లె మన్నువడ, ఎంత గట్టిగ ఒర్రినవే!" అని వీధంతా చెప్పుకుంది.

ఆ మాట బయటికి వచ్చిన సాయంత్రం నేను పై గదిలో ఫోన్‌లో నమూనా గొంతు రికార్డు చేసి పంపాలి. అమ్మ కింది నుంచి పిలుస్తూనే ఉంది. నీళ్లు వచ్చినయ్, బిందె పెట్టు. పాలు పొంగుతున్నయేమో జర చూడు. మూడుసార్లు రికార్డు చేశాను, మూడుసార్లూ వెనక అమ్మ గొంతు. నాలుగోది మొదలుపెట్టబోతూ కిందికి అరిచాను.

"నీ నోరు పడిపోను! ఒక్క నిమిషం మూస్తవా!"

కింద మిషను ఆగింది. కాసేపటికి అమ్మ మెట్లెక్కి వచ్చి దేవుడి గూటిలో దీపం పెడుతూ అంది. "దీపాలువెట్టే యాల్ల గదేం మాటనే? తథాస్తు దేవతలు తిరుగుతుంటరు." కోపంగా కూడా అనలేదు. అగ్గిపుల్ల ఆర్పి కిందికి పోయింది. నేను క్షమించమని అడగలేదు. నాలుగోసారి రికార్డింగ్ బాగా వచ్చిందని సంతోషపడ్డాను.

ఇరవై రోజులు తిరగలేదు. ఒక పొద్దున షాపులో హుక్కుల గురించి ఏదో చెబుతూ అమ్మ మాట ముద్ద కట్టింది. ఎదురుగా ఉన్న హాస్టల్ పిల్ల నవ్వులాట అనుకుందట. తర్వాత అమ్మ కుడిచేయి జారి కిందికి వేలాడితే అప్పుడు కేక వేసింది.

ప్రాణానికి భయం లేదన్నారు. కుడిచేయి కొంత తిరిగి వచ్చింది. మాట రాలేదు. బీపీ మాత్రలు మానేసిందని, మెదడులో ఎడమ వైపు రక్తం గడ్డకట్టిందని డాక్టరు బొమ్మ గీసి మరీ చెప్పాడు. అర్థమైంది. నేను చదువుకున్నదాన్నే. అయినా ఆ బొమ్మ చూస్తున్నంతసేపూ నా చెవిలో మిషను ఆగిన చప్పుడే వినిపించింది. మా భాషలో మాట పోవడాన్ని నోరు పడిపోవడం అంటారు. నేను సరిగ్గా ఆ మాటే అన్నాను, సరిగ్గా ఆ వేళలోనే అన్నాను. దీన్ని ఎవరికీ చెప్పలేదు. ఎవరికి చెప్పినా పిచ్చిదానా అంటారు, అన్నంత మాత్రాన అది పోదు.

అమ్మకు మిగిలింది ఒకే ఒక్క మాట. "గదే." అదే అని అర్థం. ఆకలైనా గదే, నిద్రొచ్చినా గదే, టీలో చక్కెర తక్కువైనా గదే. నవ్వుతూ అనేది, కోప్పడుతూ అనేది, ఒక్కోసారి కళ్లలో నీళ్లతో అనేది. ఏది ఏదో కనిపెట్టడం నా పని.

వారానికి రెండుసార్లు మాటల డాక్టరు దగ్గరికి తీసుకుపోయేదాన్ని. చిన్నపిల్ల, నాకంటే చాలా చిన్నది, ఓపిక మాత్రం చాలా ఉంది. మొదటి రోజే చెప్పింది, కొత్తగా ఆలోచించి చెప్పే మాటలు రాకపోయినా అలవాటుగా నోటికొచ్చేవి కొందరికి వస్తాయని. పాటలు, దేవుడి పేర్లు, అంకెలు, తిట్లు. వాక్యం మొదలుపెట్టి చివరి మాట వదిలేస్తే వాళ్లే పూర్తి చేస్తారట. "అమ్మగారి నోట్లో బాగా నలిగిన మాటలు ఏవండీ? తిట్లయినా పరవాలేదు, మొహమాటపడకండి."

ఏసీ గది, తెల్ల గోడలు, పక్కన ఇంకో కుటుంబం. నేను నిటారుగా కూర్చుని చెప్పాను.

"మా అమ్మ నోటికి తిట్లు రావండీ. దేవుడి పాటలు పాడుతుంది."

అమ్మ మెల్లగా తల తిప్పి నా వైపు చూసింది. "గదే," అంది.

పరువు కోసం అన్నాననుకున్నాను. నిజం అది కాదు. తిట్లు మొదలుపెడితే వరసలో ఎక్కడో ఆ తిట్టు దగ్గరికి చేరుకుంటామని నా భయం. అలా ఏడు నెలలు అమ్మకు భజనలు వినిపించాను. పండక్కి ఒక దండం పెట్టి పని చూసుకునే మనిషికి రోజూ గంట భజన. పక్కింటివాళ్ల పెళ్లి వీడియో చూసినట్టు చూసేది. నోరు మెదిపేది కాదు.

ఒంటిగంటన్నరకు డైరెక్టర్ విరామం ఇచ్చారు. "నాలుగింటికల్లా వచ్చేయండి మేడమ్. ఆరు దాటితే గది వేరేవాళ్లకి ఇవ్వాలి. ఈ ఒక్క లైన్ ఈరోజు అవ్వకపోతే..." అని ఊరుకున్నారు. అవ్వకపోతే రాణికి ఇంకో గొంతు వెతుకుతారు. అది ఆయన చెప్పనక్కర్లేదు.

స్టూడియో క్యాంటీన్‌లో కూర్చోలేకపోయాను. మెట్రో ఎక్కాను. మధురానగర్‌కు అమీర్‌పేటలో రైలు మారాలి, మారే రైలు కోసం ఐదు నిమిషాలు నిలబడడం కూడా నా వల్ల కాలేదు. దిగి నడిచాను. మైత్రీవనం దగ్గర ఒకడు నా చేతిలో కోర్సు కరపత్రం పెట్టాడు, మూడు నెలల్లో ఉద్యోగం అట. "నా వయసెంతనుకుంటున్నవ్?" అని వాడి మీద ఎగిరాను. "మీ పిల్లల కోసం అక్కా," అన్నాడు పాపం. ఆ కాగితాన్ని నలుపుతూ, విప్పుతూ, మళ్లీ నలుపుతూ ఇంటిదాకా తీసుకుపోయాను.

అమ్మ పై గదిలో కిటికీ దగ్గర కూర్చుని ఎడమచేత్తో హుక్కులు ఏరుతోంది. పెద్దవి ఒక పళ్లెంలో, చిన్నవి ఇంకో పళ్లెంలో. ఆ పని ఎవరికీ అక్కర్లేదు. సాయంత్రానికి అన్నీ కలిపి డబ్బాలో పోస్తే మళ్లీ తెల్లారి ఏరుతుంది. వేళ కాని వేళ నన్ను చూసి కనుబొమలెత్తింది. "గదే?"

"పని ఆగింది. ఒక్క మాట కుదురుతలేదు. ఇను, రాణి తిట్టే తిట్టు." కాగితం తీసి గొంతు పెంచి చదివాను. "మీ వంశము నిర్వంశమగు గాక!"

అమ్మ విని, ఒక హుక్కును గాలికి ఎగరేసినట్టు చెయ్యి విసిరి, పెదవి విరిచింది. "గదే!" అలాంటి జాకెట్టును షాపులోకి కూడా రానివ్వను అన్నట్టు.

నాకు ఒళ్లు మండింది. పొద్దుటి నుంచీ అందరూ నన్ను అంటున్నారు, ఇప్పుడు ఈమె కూడా. "మరెట్ల తిట్టాలె? చెప్పు నువ్వు! నా జిందగంత ఇనుకుంటనే ఉంటి కద నీ తిట్లు. కత్తెర దొరకకపోతే ఏమంటుంటివి? దీని ఇల్లు..."

తెలిసి ఆపలేదు. ఊపిరి తీసుకోవడానికి ఆగాను.

"...పాడుగాను," అంది అమ్మ.

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. అమ్మ ఎడమచెయ్యి తన నోటి మీద పెట్టుకుంది, అది ఎవరి నోరో చూద్దామన్నట్టు.

"దీని కాళ్లు..." అన్నాను మెల్లగా.

"ఇరగ."

"నీ చేతులు..."

"ఇరగ!"

"నీ మొగం..."

"మాడ!"

హుక్కుల పళ్లెం ఎప్పుడు కిందపడిందో తెలియదు. నేను గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతూ ఒక్కొక్క తిట్టూ సగం అందిస్తున్నాను, అమ్మ మిగతా సగం విసురుతోంది. నవ్వు. ఆ నవ్వులో ముఖం కుడివైపు కొంచెం వెనకబడుతోంది, అయినా నవ్వే. కింద నుంచి హాస్టల్ పిల్ల ఎవరో "ఆంటీ, ఏమైంది?" అని అరిచింది. ఏడు నెలలు భజనలు పెట్టిన నా తలను గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

అలా తిరుగుతూ తిరుగుతూ అనేశాను. "నీ నోరు..."

ఆగిపోయాను. అమ్మ నోరు కొంచెం తెరిచి ఎదురుచూస్తోంది, చివరి మాట తనది కదా. నేను అమ్మ ఎదురుగా నేల మీద కూలబడ్డాను. ఆ రోజంతటిలో నేను కూర్చోవడం అదే మొదలు.

"అమ్మా, గా దినం అన్న కద. దీపాలువెట్టే యాల్ల. నీ నోరు పడిపోను అన్న. నువ్వు తథాస్తు అంటరే అని చెప్పినవ్. గట్లనే అయింది. నేనే జేసిన. డాక్టరు బీపీ అంటుండు, నాకు తెల్సు అది బీపీ అని. కానీ నేనే జేసిన అమ్మా. మాటల డాక్టరుకు సుత అబద్ధం చెప్పిన. నీకు తిట్లు రావని చెప్పిన. గందుకే చెప్పిన."

అమ్మ నన్ను చూసింది. గుర్తుందో లేదో నాకు తెలియలేదు. పెదాలు కదిలాయి. ఏమీ రాలేదు. మళ్లీ కదిలాయి. నేను సాయం చేయబోయాను, చెయ్యెత్తి ఆపింది. ముందుకు వంగి, ఎడమచేతి వేళ్లతో నా మూతి మీద ఒక్కటి వేసింది. వేళ్లు ఇనుము వాసన.

"నీ," అంది. ఆగింది. "నీ నోట్లె... మన్నువడ."

ఎవరూ మొదలుపెట్టి ఇవ్వలేదు. మొత్తం మాట తనదే.

నేను ఏడ్చాను. దాచేదేముంది, హాస్టల్ పిల్లలు మెట్లెక్కి వచ్చి చూసేంతగా ఏడ్చాను. పిచ్చి మాట మాట్లాడకే అని అర్థం ఆ తిట్టుకు. భయపడకే అని. నా నలభై ఏళ్ల బతుకులో అంత కమ్మటి మాట ఇంకొకటి వినలేదు.

మెట్లు దిగుతూనే మాటల డాక్టరుకు ఫోన్ చేశాను. "మా అమ్మ తిడుతుందండీ," అన్నాను. "చాలా బాగా తిడుతుంది." అవతల ఆ పిల్ల నవ్వింది. "నాకు మొదటి రోజే అనుమానం వచ్చిందండీ," అంది.

ఐదు దాటాక స్టూడియోలో అడుగుపెట్టాను. డైరెక్టర్ గడియారం చూపించబోయారు, నా ముఖం చూసి మానుకున్నారు. దుప్పటి మీద నిలబడ్డాను. తెర మీద ఉలి దిగింది, మన్ను ముక్కలై రాలింది, రాణి కళ్లు తెరిచింది. నేను కాగితం చూడలేదు.

"మీ నోట్లె మన్ను పడ!"

'మ' దగ్గర పెదాలు కలిశాయి, 'ప' దగ్గర కలిశాయి, తర్వాత ఆ 'డ'ను ఊపిరి ఉన్నంతవరకూ సాగదీశాను. రాణి నోరూ నా నోరూ ఒకేసారి మూతపడ్డాయి.

"కలిసింది," అన్నాడు ఇంజనీరు. "మస్తు కలిసిందక్కా."

డైరెక్టర్ అద్దం దగ్గరికి వచ్చారు. "మన్ను! ఆవిడ నోట్లోంచి తీసిన మన్నే వీళ్ల నోట్లోకి! పొద్దుటి నుంచి నేను వెతుకుతున్నది ఇదేనండీ," అన్నారు. ఆయన్ని అలాగే అనుకోనిచ్చాను. అంతలోనే సందేహం. "కానీ నోట్లె ఏంటి మేడమ్? నోట్లో అనండి. వేల ఏళ్ల నాటి రాణి తెలంగాణ యాస మాట్లాడుతుందా?"

"ఆమెది ఏ ఊరో మీకు తెలుసాండీ?" అన్నాను.

ఇంజనీరు కన్సోల్ మీద తల వాల్చి నవ్వాడు. డైరెక్టర్ రెండుసార్లు వెనక్కి తిప్పి విన్నారు, ఉంచేయండి అన్నారు. భద్రంగా ఉండాలని ఇంకో టేకు చెప్పించారు. అప్పటికి ఆరు కావస్తోంది, బయట వీధి దీపాలు వెలిగే వేళ. తథాస్తు దేవతలు వింటే విననీ అనుకుని మొదటిదానికంటే గట్టిగా చెప్పాను.

సినిమా విడుదలయ్యాక అమ్మను అమీర్‌పేటలో పొద్దుటి ఆటకు తీసుకెళ్లాను. అప్పటికి అమ్మకు ముప్పై నలభై మాటలు వచ్చాయి, సగం తిట్లు. చివరి కుర్చీలో కూర్చోబెట్టి నేను పక్కన కూర్చున్నాను. ఐదుగురూ కొండలో దారి తప్పుతుంటే అమ్మ ఆవలించింది. ఉలి తీసినప్పుడు మాత్రం నా మణికట్టు పట్టుకుంది. మన్ను రాలింది. రాణి నోరు తెరిచింది, నా గొంతు నాలుగు గోడల నుంచీ వచ్చింది.

"గా తిట్టు నాది," అంది అమ్మ, పెద్దగా.

ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. అమ్మ నా మణికట్టు వదలకుండా వాళ్లకు కూడా చెప్పింది.

"గా తిట్టు నాది. దీనిది గాదు."